650 వాట్ల గోల్డ్ పవర్ సప్లై: కొన్నేళ్ల వాడకం తర్వాత

నా డెస్క్‌టాప్‌లో కొన్నేళ్లుగా పనిచేస్తున్నది 650 వాట్ల, 80 ప్లస్ గోల్డ్ ధ్రువీకరణ (కరెంటు వృథా తక్కువని చెప్పే గుర్తింపు) ఉన్న, పూర్తి మాడ్యులర్ (కేబుళ్లన్నీ విడదీయగలిగే) పవర్ సప్లై. దీన్ని ఎంచుకునేటప్పుడు పెట్టె మీది వాట్ల అంకెను కాక, యూనిట్ పక్కన అతికించిన లేబుల్‌ను ప్రమాణంగా తీసుకున్నాను. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ప్రధానంగా 12 వోల్టుల లైను మీదే ఆధారపడతాయి కాబట్టి, ఆ లైను ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదన్నదే అసలు లెక్క. నా యూనిట్‌పై 54 ఆంపియర్లని రాసి ఉంది, అంటే 648 వాట్లు. అదే 650 అంకె ఉన్నా, 12 వోల్టుల దగ్గర 40 ఆంపియర్లే ఇచ్చే యూనిట్ నుంచి ఈ రెండింటికీ అందేది 480 వాట్లే.

ఆటలు ఆడేటప్పుడు నా కంప్యూటర్ వాడకం ఈ 650 వాట్లలో సగానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. గోల్డ్ ధ్రువీకరణకు 115 వోల్టుల పరీక్షలో సగం లోడు వద్ద 90 శాతం, పూర్తి లోడు వద్ద 87 శాతం సామర్థ్యం (గోడ ప్లగ్గు నుంచి తీసుకున్న కరెంటులో భాగాలకు అందే వంతు) చూపాలి. కనుక సగం దగ్గర నడవడం వల్ల వేడి తక్కువ, ఫ్యాను చప్పుడు అంతకన్నా తక్కువ. మామూలు పనుల్లో ఫ్యాను అసలు తిరగదు. ఈ విషయంలో నాకు పూర్తి సంతృప్తి ఉంది.

తర్వాత రెండు 8 పిన్ సాకెట్లున్న గ్రాఫిక్స్ కార్డు పెట్టినప్పుడు, ఒకే కేబుల్‌కున్న రెండు కొసలను వాడకుండా, రెండు వేర్వేరు కేబుళ్లు లాగాను. ఒక్కో 8 పిన్ కనెక్టర్‌కు ప్రమాణం ప్రకారం 150 వాట్లే కదా. అయితే కొత్త తరం కార్డులు క్షణకాలం పాటు తమ రేటింగును బాగా మించి లాగుతాయి. 2022లో పవర్ సప్లైల కోసం వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఇలాంటి ఉద్ధృతిని దృష్టిలో పెట్టుకున్నదే. నా యూనిట్ అంతకు ముందుది కాబట్టి, 300 వాట్లు దాటే కార్డును దీనికి తగిలించను.

లోపాలు లేకపోలేదు. మదర్‌బోర్డుకు వెళ్లే 24 పిన్ కేబుల్ మరీ బిరుసు; దాన్ని క్యాబినెట్ వెనుక వంచి మూత బిగించడానికి మోకాలు ఆనించాల్సి వచ్చింది. విడి కేబుళ్లను మాత్రం పారేయకూడదు: యూనిట్ వైపు పిన్నుల అమరిక కంపెనీకో రకంగా ఉంటుంది, వేరేదాని కేబుల్ చక్కగా దూరినా 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వోల్టులు వెళ్లి హార్డ్ డిస్క్ కాలిపోవచ్చు. నావి పేర్లు రాసిన సంచిలో క్యాబినెట్ పక్కనే ఉన్నాయి.