జబ్బు బయటపడ్డాక ప్రయాణం: తేదీ, దారి, బస, చివరగా చోటు

టికెట్లు కొన్నాక దీర్ఘకాలిక జబ్బు బయటపడితే చాలామంది వెంటనే మొత్తం రద్దు చేసేస్తారు, లేదా అసలు వెళ్లాలనుకున్న చోటు వదిలేసి దగ్గర్లో ఏదో ఒకటి చూసుకుంటారు. రెండూ తొందరపాటే. మార్పులకు ఒక వరస ఉంది. ముందు తేదీ, తర్వాత దారి, ఆ తర్వాత బస. చోటు మార్చాల్సి వచ్చేది కొన్ని సందర్భాల్లోనే, వాటి సంగతి చివర్లో చూద్దాం.

తేదీ ముందెందుకంటే, జబ్బు తెలిసిన మొదటి కొన్ని నెలలు మందుల మోతాదు కుదురుకోదు. డోసు పెంచుతారు, తగ్గిస్తారు, ఒక మందు పడకపోతే ఇంకోటి రాస్తారు. ఏ మందు ఒంటికి ఎలా ఉంటుందో ఇంట్లో ఉండగా తెలుసుకోవడం మేలు. ఇన్సూరెన్స్ లెక్క కూడా ఇదే చెబుతుంది. ముందునుంచే ఉన్న జబ్బుల విషయంలో చాలా పాలసీలు ప్రయాణానికి లేదా పాలసీ కొనడానికి ముందు 60 నుంచి 180 రోజుల దాకా వెనక్కి వెళ్లి చూస్తాయి. ఆ వ్యవధిలో మందు మారినా, కొత్త పరీక్ష రాసినా జబ్బు నిలకడగా లేదంటారు. డోసు తగ్గించడాన్ని కూడా మార్పుగానే లెక్కకట్టే పాలసీలున్నాయి. ఆరోగ్యం మెరుగుపడి డోసు తగ్గినా క్లెయిము తిరస్కరిస్తారన్నమాట! కాబట్టి మందులు కుదురుకుని, మీ పాలసీ చూసే ఆ వ్యవధి కూడా దాటేదాకా ప్రయాణాన్ని వాయిదా వేస్తే వైద్యం పరంగానూ, కాగితాల పరంగానూ కలిసొస్తుంది.

పాలసీ ముందే కొని, జబ్బు తర్వాత తెలిస్తే ఆ సంగతి కంపెనీకి రాతపూర్వకంగా చెప్పాలనే పాలసీలున్నాయి. చెప్పకపోతే క్లెయిము మొత్తం పోయే ప్రమాదం ఉంది. రద్దు ఖర్చులు రాబట్టాలంటే ప్రయాణం వద్దని డాక్టరు రాసిచ్చిన కాగితం మీద రద్దు చేసిన తేదీకి ముందు తేదీ ఉండాలి. చాలా క్లెయిములు ఆగిపోయేది ఇక్కడే. కారణం చెప్పకుండా రద్దు చేసుకునే సౌకర్యమున్న పాలసీలు సాధారణంగా ఖర్చులో 50 నుంచి 75 శాతమే ఇస్తాయి, అదీ బయల్దేరడానికి కనీసం 48 గంటల ముందు రద్దు చేస్తేనే.

విమాన టికెట్ విషయంలో కాస్త ఓపిక పనికొస్తుంది. మనమే రద్దు చేసుకుంటే పోయే డబ్బు, ఎయిర్‌లైనే సర్వీసు రద్దు చేస్తే వెనక్కి వస్తుంది. యూరోపియన్ యూనియన్ 261/2004 నిబంధన ప్రకారం 7 రోజుల్లో ఇవ్వాలి. అమెరికాలో 2024లో వచ్చిన నిబంధన ప్రకారం సమయం దేశీయ విమానానికి 3 గంటలు, అంతర్జాతీయ విమానానికి 6 గంటలు లేదా అంతకు మించి మారినా, ఆ మార్పు మనకు వద్దంటే రిఫండ్ రావాలి. రద్దు రుసుము పెరిగే తేదీ చూసుకుని, దాని ముందురోజు దాకా ఆగడంలో నష్టం లేదు.

దారి ఎంచుకునేటప్పుడు చవక టికెట్ కన్నా మధ్య విరామం ముఖ్యం. గంటంపావులో విమానం మారాల్సిన టికెట్ ఆరోగ్యవంతుడికే పరుగు. కీళ్లవాతం, గుండెజబ్బు, విపరీతమైన నీరసం ఉన్నవాళ్లు రెండున్నర గంటలకు తగ్గకుండా చూసుకోవాలి. మూర్ఛ ఉన్నవాళ్లకు రాత్రి విమానం మంచిది కాదు, నిద్ర తప్పితే మూర్ఛ వచ్చే అవకాశం పెరుగుతుంది.

వీల్‌చైర్ సాయం అడిగేటప్పుడు సరైన కోడ్ చెప్పాలి. డబ్ల్యూసీహెచ్‌ఆర్ అంటే మెట్లు ఎక్కగలరు, దూరం నడవలేరు. డబ్ల్యూసీహెచ్‌ఎస్ అంటే మెట్లు ఎక్కలేరు. డబ్ల్యూసీహెచ్‌సీ అంటే సీటు దాకా కూడా నడవలేరు. మోకాళ్లు పనిచేయనివాళ్లకు మొదటి కోడ్ పడితే, బస్సులో విమానం దాకా తీసుకెళ్లి మెట్లెక్కమంటారు. యూరప్‌లో 1107/2006 నిబంధన ప్రకారం ఈ సాయం ఉచితం, 48 గంటల ముందు చెప్పాలి. బయటికి కనిపించని జబ్బులకు పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మలున్న ఆకుపచ్చ మెడపట్టీ 2016లో లండన్ గాట్విక్ విమానాశ్రయంలో మొదలై చాలా దేశాలకు పాకింది. సిబ్బంది కాస్త ఓపికగా మాట్లాడతారు గానీ, అది మెడలో ఉందని క్యూ తప్పదు.

ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లు లెక్క గట్టిగా వేసుకోవాలి. విమానం లోపలి గాలి ఒత్తిడి 8,000 అడుగుల ఎత్తులో ఉన్నంత తక్కువగా ఉండొచ్చు. నేలమీద ఆక్సిజన్ పెట్టుకోనక్కర్లేనివాళ్లకు కూడా పైన రక్తంలో ఆక్సిజన్ పడిపోవచ్చు, అందుకే ముందు ఊపిరితిత్తుల డాక్టరు అంచనా కావాలి. పోర్టబుల్ కాన్సంట్రేటర్‌కు (గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే చిన్న యంత్రం) ప్రయాణ సమయానికి ఒకటిన్నర రెట్ల బ్యాటరీ ఉండాలని చాలా ఎయిర్‌లైన్లు అడుగుతాయి. 8 గంటల విమానానికి 12 గంటల బ్యాటరీ. కంపెనీ చెప్పే గంటలు సాధారణంగా తక్కువ సెట్టింగ్‌వి, మీ సెట్టింగ్‌లో ఎంతసేపు వస్తుందో ఇంట్లో గడియారం పెట్టి చూసుకోండి. విడి లిథియం బ్యాటరీలు క్యాబిన్‌లోనే తీసుకెళ్లాలి. 100 వాట్-అవర్ దాటితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి.

బస దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. ఇన్సులిన్ లాంటి చల్లగా ఉంచాల్సిన మందులు వాడేవాళ్లు హోటల్ గది చిన్న ఫ్రిజ్‌ను గుడ్డిగా నమ్మకండి. గది కార్డు తీయగానే కొన్ని హోటళ్లలో దానికీ కరెంటు పోతుంది. కొన్ని ఫ్రిజ్‌లు గది వేడి కన్నా కాస్త మాత్రమే చల్లగా ఉంచగలవు. కొన్నిటిలో వెనక గోడకు ఆనితే మందు గడ్డకడుతుంది. మినీబార్‌లో సీసాలు జరిపితే బిల్లు పడే సెన్సార్లు కూడా ఉంటాయి. చిన్న థర్మామీటర్ ఒకటి లోపల పెట్టి, రెండు గంటల తర్వాత చూసి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంటేనే మందు పెట్టండి. రిసెప్షన్‌లో ఇచ్చేట్లయితే ఫ్రీజర్‌లో పెట్టొద్దని పొట్లం మీదే రాయాలి, నోటితో చెప్పింది షిఫ్టు మారగానే మర్చిపోతారు. గడ్డకట్టి కరిగిన ఇన్సులిన్ చూడటానికి మామూలుగానే ఉండొచ్చు, అయినా పారేయాల్సిందే. చెక్-ఇన్ సామానులో పెట్టకూడదనేది కూడా ఇందుకే.

వాడకంలో ఉన్న ఇన్సులిన్ చాలా రకాలు 30 డిగ్రీల లోపు సుమారు 28 రోజులు నిలుస్తాయి, కాబట్టి రెండు వారాల ప్రయాణంలో ఫ్రిజ్ కావలసింది ఇంకా తెరవని విడి ఇన్సులిన్ పెన్నులకే. నీళ్లలో నానబెట్టి వాడే చల్లటి సంచులు పొడి వేడిలో బాగా పనిచేస్తాయి, ఉక్కపోతలో నీరు ఆవిరి కాదు కాబట్టి అంతగా చల్లబరచవు. సముద్ర తీరానికి వెళ్తుంటే వాటి మీద ఆధారపడొద్దు.

హోటల్లో లిఫ్ట్ ఉందా అని అడిగితే ఉందనే చెబుతారు. వీధి నుంచి లిఫ్ట్ దాకా ఎన్ని మెట్లున్నాయని అడగాలి. స్నానాల గది గడప ఎత్తెంత, టబ్బులోకి కాలెత్తి దిగాలా, గది నుంచి టాయిలెట్ విడిగా ఉందా అన్నవి కూడా. మాటల్లో కాకుండా ఫోటో పంపమనండి. పేగుపూత ఉన్నవాళ్లకు వ్యూ బాగున్న గది కన్నా సొంత టాయిలెట్ ఉన్న మామూలు గది వెయ్యి రెట్లు నయం. రెండు ఊళ్లలో ఐదేసి రాత్రులు ఉండటం, ఐదు ఊళ్లలో రెండేసి రాత్రుల కన్నా ఎప్పుడూ మేలు. బట్టలు సర్దుకోవడం, చెక్-అవుట్, స్టేషన్ చేరడం లాంటి వాటికే ఉన్న శక్తిలో సగం పోతుంది.

డయాలసిస్ వాళ్లకు వరస తిరగబడుతుంది. ముందు సెంటర్లో స్లాట్, తర్వాతే టికెట్. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి దాదాపు 4 గంటలు కాబట్టి స్లాట్ తెల్లవారుజామున ఇస్తే ఆ రోజు సాయంత్రం మిగులుతుంది, మధ్యాహ్నం ఇస్తే రోజంతా పోయినట్టే. హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి రిపోర్టులు, డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు), హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) డోసు, ఇటీవలి సెషన్ల చార్టులు అడుగుతారు. రిపోర్టులు పాతవైతే స్లాట్ చివరి నిమిషంలో పోతుంది. విదేశాల్లో చేయించుకుని వస్తే మళ్లీ మీ సెంటర్ ఎలా చేర్చుకుంటుందో కూడా ముందే అడగండి, కొన్నిచోట్ల కొన్నాళ్లు అదనపు రక్తపరీక్షలు చేసి విడిగా కూర్చోబెడతారు. పొట్టలోకి ద్రవం నింపి ఇంట్లోనే చేసుకునే పెరిటోనియల్ డయాలసిస్ అయితే రోజుకు 2 లీటర్ల సంచులు నాలుగు అనుకుంటే 10 రోజులకు 80 కిలోలు. మోసుకెళ్లే మాట లేదు, తయారీ కంపెనీ ద్వారా బసకే పంపించుకోవాలి. పెట్టెలు వస్తున్నాయని హోటల్‌కు చెప్పకపోతే మనం చేరేలోగా వెనక్కి పంపేస్తారు.

ఓడ ప్రయాణం పైకి సుఖంగా కనిపిస్తుంది, ఒకసారి సామాను విప్పితే చాలు కదా అని. కానీ రేవు లోతు చాలని చోట పెద్ద ఓడ దూరంగా ఆగి, చిన్న పడవలో ఒడ్డుకు దింపుతుంది. సముద్రం కాస్త కదిలినా వీల్‌చైర్‌ను పడవలోకి ఎక్కించరు. ఎన్ని రేవుల్లో అలా ఉందో బుకింగ్‌కు ముందే లెక్కపెట్టుకోవాలి.

ఇక చోటు మార్చాల్సిన సందర్భాలు. మొదటిది మందుల చట్టం. జపాన్‌లోకి ఆంఫెటమైన్ (ఏకాగ్రత లోపానికి వాడే ఉత్తేజకం) ఉన్న మందులు ప్రిస్క్రిప్షన్ ఉన్నా తీసుకెళ్లనివ్వరు, మామూలు ప్రిస్క్రిప్షన్ మందులైనా ఒక నెలకు మించితే ముందస్తు దిగుమతి పత్రం కావాలి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ట్రమడాల్, కోడీన్ లాంటి నొప్పి మందులకు ముందే అనుమతి తీసుకోవాలి. ప్రత్యామ్నాయ మందు ఉందేమో డాక్టరును అడగండి. లేకపోతే ఆ దేశం వదిలేయడమే.

రెండోది ఎత్తు. పెరూలోని కుస్కో నగరం 3,400 మీటర్లు, అక్కడ ఆక్సిజన్ సముద్రమట్టంలో కన్నా మూడోవంతు తక్కువ. అక్కడి నుంచి వెళ్లి చూసే మచుపిచ్చు శిథిలాలు అంతకంటే కిందే, సుమారు 2,430 మీటర్లు. తేలికపాటి జబ్బున్నవాళ్లకు డాక్టరు సరేనంటే, కుస్కోలో దిగిన రోజే కింది లోయకు వెళ్లి పడుకుని, నగరాన్ని చివర్లో చూడొచ్చు. ఊపిరితిత్తుల రక్తపోటు, తీవ్రమైన సీఓపీడీ (ఊపిరి గొట్టాలు సన్నబడే దీర్ఘకాలిక జబ్బు), సికిల్ సెల్ (రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే జబ్బు) ఉన్నవాళ్లకు ఈ సర్దుబాటు సరిపోదు.

మూడోది ఎల్లో ఫీవర్, దోమకాటుతో వచ్చే వైరస్ జ్వరం. ఆ టీకాలో బతికున్న వైరస్ ఉంటుంది, రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడేవాళ్లకు సాధారణంగా వేయరు. డాక్టరిచ్చే మినహాయింపు పత్రంతో సరిహద్దు దాటొచ్చేమో గానీ, దోమకు ఆ పత్రం పట్టదు. వ్యాధి తిరుగుతున్న ప్రాంతమైతే వెళ్లకపోవడమే సరైనది. వేడి మాత్రం వేరు సంగతి. మల్టిపుల్ స్క్లెరోసిస్ (నరాలను దెబ్బతీసే జబ్బు) ఉన్నవాళ్లకు ఒంటి వేడి పెరిగితే లక్షణాలు ముదురుతాయి, అలాంటప్పుడు మార్చాల్సింది నెల. అదే చోటుకు చల్లటి కాలంలో వెళ్లొచ్చు.