టెస్ట్ కేసులకు రెడ్‌మైన్: రెండేళ్ల వాడకం తర్వాత ఒక సమీక్ష

సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే జట్టుకు రోజూ ఎదురయ్యే ప్రశ్నలు రెండు. ఫలానా టెస్ట్ కేసును (ఏ అడుగులు వేస్తే ఏ ఫలితం రావాలో రాసిపెట్టుకున్న పరీక్షను) చివరిసారి ఎవరు, ఏ బిల్డు (పరీక్ష కోసం తయారుచేసిన సాఫ్ట్‌వేర్ ప్రతి) మీద నడిపారు, ఏమి తేలింది అన్నది మొదటిది. ఆ టెస్ట్ కేసులో రాసి ఉన్న మాటను మార్చే హక్కు ఎవరికి ఉంది అన్నది రెండోది. మొదటి దాని గురించి ప్రతి సమావేశంలోనూ మాట్లాడుకుంటాం. రెండోదాన్ని మాత్రం ఏదో ఒకరోజు దెబ్బ తగిలేదాకా పట్టించుకోం. మా జట్టు ఈ రెండు అవసరాలకూ, బగ్గులనూ పనులనూ నమోదు చేసి వెంబడించే రెడ్‌మైన్ అనే సాఫ్ట్‌వేర్‌నే రెండేళ్లుగా వాడుతోంది. అనుమతుల విషయంలో నేను ఇంతవరకు వాడిన ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్‌లన్నిటిలోకీ ఇది పకడ్బందీగా ఉంది. టెస్ట్ కేసుల విషయంలో మాత్రం ఇల్లు మనమే కట్టుకోవాలి. రెడ్‌మైన్ ఇచ్చేది స్థలమూ, ఇటుకలూ మాత్రమే.

దీని పుట్టుపూర్వోత్తరాలు క్లుప్తంగా చెబుతాను. జాన్ ఫిలిప్ లాంగ్ 2006లో మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఇది. రూబీ ఆన్ రైల్స్‌లో రాశారు, జీపీఎల్ రెండో వెర్షన్ లైసెన్సు కింద లభిస్తుంది, మన సర్వర్‌లో మనమే పెట్టుకోవచ్చు. మొదట ఇన్‌స్టాల్ చేసి డిఫాల్ట్ డేటా ఎక్కించినప్పుడు బగ్, ఫీచర్, సపోర్ట్ అనే మూడు ట్రాకర్లు (టికెట్ల, అంటే ఒక్కో పనికో బగ్గుకో తెరిచే నమోదుల రకాలు) కనిపిస్తాయి. టెస్ట్ కేసు అనేది వాటిలో లేదు. దానికోసం ప్లగిన్లు (అదనంగా తగిలించుకునే చిన్న సాఫ్ట్‌వేర్‌లు) ఉన్నాయి కానీ, రెడ్‌మైన్ వెర్షన్ మారిన ప్రతిసారీ ప్లగిన్ దానికి సరిపడుతుందో లేదో చూసుకుంటూ కూర్చోవడం మాకు ఇష్టం లేక, ఉన్న సదుపాయాలతోనే పని జరుపుకోవాలని నిర్ణయించుకున్నాం.

ఇక్కడే మొదటి చిక్కు వస్తుంది. టికెట్ స్వభావం వేరు, టెస్ట్ కేసు స్వభావం వేరు. టికెట్ పుడుతుంది, చేతులు మారుతుంది, పని పూర్తయ్యాక మూతపడుతుంది. టెస్ట్ కేసు అలా కాదు, ఉత్పత్తి బతికి ఉన్నంతకాలం అదీ బతికే ఉంటుంది, రిలీజు రిలీజుకూ మళ్లీ నడుస్తుంది, ఒక్కోసారి పాస్ అవుతుంది, ఒక్కోసారి ఫెయిల్ అవుతుంది. దీన్ని ఒకే టికెట్‌గా పెట్టి స్టేటస్‌ను పాస్ అనీ ఫెయిల్ అనీ మారుస్తూ పోతే, పోయిన రిలీజులో ఏమైందో తెలుసుకోవడానికి ఆ టికెట్ చరిత్ర అంతా కిందికి జరుపుకుంటూ చదవాల్సి వస్తుంది. మేము మొదటి రెండు నెలలు చేసింది సరిగ్గా ఇదే. అది తప్పని చేతులారా చేసి తెలుసుకున్నాం.

ఆ తర్వాత రెండు ట్రాకర్లు పెట్టాం. మొదటిదాని పేరు ‘టెస్ట్ కేసు’. దానికి ముందస్తు షరతులు, అడుగులు, ఆశించిన ఫలితం అనే కస్టమ్ ఫీల్డులు (మనమే చేర్చుకునే గడులు) ఉంటాయి. స్టేటస్‌లు ముసాయిదా, సమీక్షలో, ఆమోదితం, విరమించినది. రెండోదాని పేరు ‘టెస్ట్ రన్’. దానికి అవే ఫీల్డులతో పాటు వాస్తవ ఫలితం, బిల్డు సంఖ్య అనే మరో రెండు ఉంటాయి. స్టేటస్‌లు నడపలేదు, పాస్, ఫెయిల్, ఆగిపోయింది. కొత్త రిలీజు పరీక్ష మొదలయ్యే రోజున ఆమోదితమైన టెస్ట్ కేసులన్నిటినీ ఫిల్టర్‌తో తెచ్చుకుని, ఒకేసారి ఎంచుకుని కాపీ నొక్కి, కాపీ ఫారంలోనే ట్రాకర్‌ను ‘టెస్ట్ రన్’గా, వెర్షన్‌ను ఆ రిలీజుగా మారుస్తాం. అసలు టెస్ట్ కేసుకూ దాని నుంచి పుట్టిన ప్రతి రన్‌కూ మధ్య సంబంధాన్ని రెడ్‌మైనే రాసిపెడుతుంది. అందువల్ల ఒక టెస్ట్ కేసు తెరిస్తే, అది ఏయే రిలీజుల్లో నడిచిందో సంబంధిత టికెట్ల జాబితాలో వరుసగా కనిపిస్తుంది.

ఈ పద్ధతిలో మేము ముందుగా ఊహించని ఒక మేలు ఉంది. రన్ అనేది కాపీ కాబట్టి, ఆ రోజున టెస్ట్ కేసులో ఏ మాటలు ఉన్నాయో అవే మాటలు రన్‌లో నిలిచిపోతాయి. తర్వాత అసలు టెస్ట్ కేసును దిద్దినా పాత రన్ చెక్కుచెదరదు. అప్పట్లో దేన్ని బట్టి పాస్ చేశారన్న సందేహం వస్తే ఆ రన్ తెరిచి చూపించవచ్చు. నష్టం కూడా చెప్పాలి. 300 టెస్ట్ కేసులు ఐదు రిలీజులు దాటేసరికి 1500 రన్ టికెట్లు పోగుపడతాయి. వెతికినప్పుడు ఒకే శీర్షికతో ఆరేసి టికెట్లు పైకి తేలుతాయి, జట్టులో కొత్తగా చేరినవారు తికమకపడతారు. ట్రాకర్ వారీగా ఫిల్టర్లు తయారుచేసి అందరికీ కనిపించేలా భద్రపరచడం తప్ప దీనికి మేము వేరే మందు కనుక్కోలేదు.

ఇక అనుమతుల సంగతి. రెడ్‌మైన్‌ను మెచ్చుకోవలసింది ఇక్కడే, జాగ్రత్తపడవలసిందీ ఇక్కడే.

ఇందులో అనుమతిని వ్యక్తికి నేరుగా ఇవ్వం, రోల్‌కు (టెస్టర్, డెవలపర్ లాంటి పాత్రకు) ఇస్తాం. ఆ వ్యక్తికి ఒక ప్రాజెక్టులో ఒక రోల్, మరో ప్రాజెక్టులో మరో రోల్ ఉండవచ్చు. లాగిన్ కాని సందర్శకులకూ, లాగిన్ అయినా ప్రాజెక్టు సభ్యులు కానివారికీ విడివిడిగా రెండు రోల్స్ ముందే ఉంటాయి. వాటిని తొలగించలేం, కానీ వాటికి ఏయే అనుమతులు ఉండాలో మనమే నిర్ణయించవచ్చు. టికెట్లను చూడటం, కొత్తవి చేర్చడం, దిద్దడం, వ్యాఖ్య రాయడం, తొలగించడం అనే అనుమతులను ట్రాకర్ వారీగా కూడా విడదీసే వీలుంది. అంటే ఒక టెస్టర్ ‘టెస్ట్ కేసు’ టికెట్‌ను చూడగలడు, దాని మీద వ్యాఖ్య రాయగలడు, కానీ దిద్దలేడు. ‘టెస్ట్ రన్’ను మాత్రం దిద్దగలడు. మాకు కావలసింది అచ్చంగా ఇదే.

దీనికి మరో అంచె వర్క్‌ఫ్లో, అంటే టికెట్‌ను ఏ స్టేటస్ నుంచి ఏ స్టేటస్‌కు ఎవరు మార్చవచ్చో చెప్పే నియమాలు. ఒక రోల్‌నూ ఒక ట్రాకర్‌నూ ఎంచుకోగానే గళ్ల పట్టిక తెరుచుకుంటుంది. నిలువు వరుసలో ఇప్పటి స్టేటస్, అడ్డంగా రాబోయే స్టేటస్‌లు, ప్రతి గడిలో టిక్కు పెట్టే చోటు. ‘సమీక్షలో’ నుంచి ‘ఆమోదితం’కు వెళ్లే గడిలో టెస్ట్ లీడ్ రోల్‌కు మాత్రమే టిక్కు పెడితే, మిగిలినవారికి ఆ ఎంపికే కనిపించదు. దాని పక్క ట్యాబ్‌లో ఫీల్డుల అనుమతులు ఉంటాయి. ఏ స్టేటస్‌లో ఏ ఫీల్డు తప్పనిసరిగా నింపాలో, ఏది రీడ్ ఓన్లీగా (చదవడానికే తప్ప మార్చడానికి వీల్లేకుండా) ఉండాలో అక్కడ చెప్పవచ్చు. రన్ ఫెయిల్ అయినప్పుడు వాస్తవ ఫలితాన్ని తప్పనిసరి చేయడం, టెస్ట్ కేసు ఆమోదితమయ్యాక ఆశించిన ఫలితాన్ని రీడ్ ఓన్లీ చేయడం మాకు బాగా ఉపయోగపడిన రెండు అమరికలు.

ఈ రెండో అమరికలోనే మేము దెబ్బతిన్నాం. మా దగ్గర ఒక టెస్ట్ కేసు ఉంది: పాస్‌వర్డ్ మార్చుకోవడానికి ఈమెయిల్‌లో వచ్చే లింకు 30 నిమిషాల తర్వాత పనిచేయకూడదు. ఒక టెస్టర్ దాన్ని నడిపినప్పుడు 30 నిమిషాలు దాటినా లింకు పనిచేసింది. కోడ్‌లో 60 నిమిషాలు అని ఉండటం చూసి, టెస్ట్ కేసే పాతబడిందనుకుని, మంచి ఉద్దేశంతోనే ఆశించిన ఫలితాన్ని 60 అని దిద్ది పాస్ చేశాడు. అసలు అవసరాల పత్రంలో 30 అనే ఉంది, తప్పు కోడ్‌లో ఉంది. మూడు వారాల తర్వాత వేరే పని మీద ఆ పత్రం తిరగేస్తుండగా ఇది బయటపడింది. టికెట్ చరిత్రలో పాత విలువ, కొత్త విలువ, మార్చినవారి పేరు, సమయం అన్నీ ఉన్నాయి కాబట్టి ఏం జరిగిందో ఐదు నిమిషాల్లో తేలింది. రీడ్ ఓన్లీ చేసిన ఫీల్డును అతను ఎలా మార్చగలిగాడన్నది తేలడానికి మాత్రం ఒక పూట పట్టింది.

కారణం ఇది. అతనికి టెస్టర్ రోల్‌తో పాటు, బిల్డు పనుల కోసం చేర్చిన ఒక గ్రూపు ద్వారా డెవలపర్ రోల్ కూడా సంక్రమించింది. రెడ్‌మైన్‌లో ఒకరికి రెండు రోల్స్ ఉంటే రెండింటి అనుమతులూ కలుస్తాయి. ఫీల్డు మీద పెట్టిన ఆంక్ష కూడా ఆ వ్యక్తికి ఉన్న రోల్స్ అన్నిటిలోనూ ఉంటేనే వర్తిస్తుంది. టెస్టర్ రోల్‌లో మేము తాళం వేశాం. డెవలపర్లు టెస్ట్ కేసుల జోలికి రారనుకుని ఆ రోల్‌లో వేయలేదు, దానికి అన్ని ట్రాకర్లనూ దిద్దే అనుమతి అలాగే ఉండిపోయింది. లోపం ఆ టెస్టర్‌దీ కాదు, సాఫ్ట్‌వేర్‌దీ కాదు. అమరిక చేసిన మాదే. ఆ రోజే రెండు మార్పులు చేశాం. లీడ్ రోల్‌కు తప్ప ‘టెస్ట్ కేసు’ ట్రాకర్‌ను దిద్దే అనుమతి ఎవరికీ లేకుండా చేశాం. ఆమోదిత స్టేటస్‌లో ఆశించిన ఫలితాన్ని లీడ్‌తో సహా అన్ని రోల్స్‌కూ రీడ్ ఓన్లీ చేశాం. మార్చాల్సి వస్తే లీడ్ దాన్ని ముసాయిదాకు వెనక్కి పంపాలి, దిద్దాలి, మళ్లీ సమీక్షకు పెట్టాలి.

ప్రతి ఖాతాకూ పనికి అవసరమైనంత అధికారమే ఉండాలన్న సూత్రాన్ని జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ 1975లోనే రాశారు. రెడ్‌మైన్‌లో దాన్ని పాటించడానికి కావలసిన పనిముట్లు అన్నీ ఉన్నాయి. అడ్మిన్ విభాగంలోని అనుమతుల నివేదిక తెరిస్తే అన్ని రోల్స్, అన్ని అనుమతులు ఒకే పట్టికలో కనిపిస్తాయి. కొత్త రోల్ చేర్చిన ప్రతిసారీ దాన్ని ఒకసారి ఆసాంతం చూడమని గట్టిగా చెబుతాను. అడ్మిన్ గుర్తు ఉన్న ఖాతాకు రోల్స్‌తో పనిలేకుండా దాదాపు అన్ని తలుపులూ తెరుచుకుంటాయి. అందుకని రోజువారీ పరీక్షలకు ఆ ఖాతాను వాడకుండా, దాన్ని అమరికల కోసమే విడిగా ఉంచాం.

బయటి క్లయింటుకు ప్రాజెక్టు చూపించాల్సి వచ్చినప్పుడు కూడా ఇబ్బంది పడలేదు. ఒక రోల్‌కు టికెట్లన్నీ కనిపించాలా, ప్రైవేటువి తప్ప మిగిలినవి కనిపించాలా, తాము రాసినవీ తమకు అప్పగించినవీ మాత్రమే కనిపించాలా అన్నది రోల్ పేజీలోనే ఎంచుకోవచ్చు. కస్టమ్ ఫీల్డులను కూడా కొన్ని రోల్స్‌కే కనిపించేలా చేయవచ్చు.

ఆటోమేటెడ్ పరీక్షల ఫలితాలను ఏపీఐ (ఒక ప్రోగ్రాం మరో ప్రోగ్రాంతో మాట్లాడే దారి) ద్వారా రన్ టికెట్లలోకి పంపుతున్నాం. ఏపీఐ కీ (లాగిన్‌కు బదులు వాడే రహస్య సంకేతం) ఏ ఖాతాదైతే ఆ ఖాతాకు ఉన్న అనుమతులే దానికీ ఉంటాయి. కాబట్టి స్క్రిప్టు కోసం విడిగా ఒక ఖాతా తెరిచి, రన్‌ను చూసే, దిద్దే అనుమతులు మాత్రమే ఇచ్చాం. ఎవరో ఒక అడ్మిన్ కీని స్క్రిప్టులో పెట్టేసి మరిచిపోయే అలవాటు చాలా జట్లలో ఉంది; అది ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు.

నివేదికల విషయంలో రెడ్‌మైన్ బలహీనం. రన్‌లను స్టేటస్ వారీగా గుంపులు చేసి లెక్క చూడవచ్చు, సీఎస్‌వీగా (స్ప్రెడ్‌షీట్‌లో తెరవగల ఫైలుగా) దించుకోవచ్చు, అంతే. ఏ అవసరానికి ఏ టెస్ట్ కేసు ఉంది, దేనికి లేదు అని చూపే పట్టిక కావాలంటే బయట తయారుచేసుకోవాల్సిందే. ఒక టెస్ట్ కేసులోని ప్రతి అడుగుకూ విడిగా ఫలితం నమోదు చేసే వీలు కూడా లేదు. అడుగులన్నీ ఒకే పెద్ద టెక్స్ట్ ఫీల్డులో ఉంటాయి కాబట్టి, ఏడో అడుగులో విఫలమైందని వాస్తవ ఫలితంలో మనమే రాయాలి.

ఈ లోటు భరించలేని జట్లకు టెస్ట్ కేసుల కోసమే తయారైన టెస్ట్‌లింక్ ఉంది. అదీ ఓపెన్ సోర్స్, పీహెచ్‌పీలో రాసినది. టెస్ట్ కేసుకు వెర్షన్లు, టెస్ట్ ప్లాన్, బిల్డు, ప్లాట్‌ఫారం అన్నీ అందులో పుట్టుకతోనే ఉన్నాయి, రోల్‌ను ఒక్కో టెస్ట్ ప్లాన్‌కు వేరుగా కూడా ఇవ్వవచ్చు, ఫెయిలైన పరీక్షను రెడ్‌మైన్ టికెట్‌తో ముడిపెట్టవచ్చు. మేము కొన్ని వారాలు దాన్నీ వాడి చూశాం. టెస్టర్లకు నచ్చింది. డెవలపర్లు మాత్రం రెండో చోట లాగిన్ అయి చూడటానికి ముందుకు రాలేదు, దాంతో ఫెయిలైన పరీక్ష వివరాలు ఎవరో ఒకరు మళ్లీ టికెట్‌లోకి ఎక్కించాల్సి వచ్చేది. మరో ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్ అయిన జిరాలోనూ టెస్ట్ కేసుల కోసం ఎక్స్‌రే, జెఫిర్ లాంటి యాడ్ ఆన్‌లే దిక్కు. వేల కొద్దీ టెస్ట్ కేసులు, పదుల కొద్దీ టెస్టర్లు ఉన్న జట్టయితే రెడ్‌మైన్ ఒక్కదానితోనే నెట్టుకురమ్మని నేను చెప్పను. పది పన్నెండు మంది ఉండి, బగ్గులూ పరీక్షలూ ఒకే చోట కనిపించాలనుకునే జట్టుకు మాత్రం నిస్సంకోచంగా చెబుతాను.

రెడ్‌మైన్ పెట్టుకోబోయేవారు మొదటి రోజే చేయవలసిన పని ఒకటి ఉంది. ఇందులో తొలగించిన టికెట్ చెత్తబుట్టలోకి వెళ్లదు. తొలగిస్తే పోయినట్టే, దానితో పాటు దాని చరిత్ర, వ్యాఖ్యలు, జోడించిన ఫైళ్లు అన్నీ పోతాయి. బ్యాకప్ నుంచి తెచ్చుకోవడం తప్ప దారి లేదు. డిఫాల్ట్‌గా వచ్చే మేనేజర్ రోల్‌కు ఈ తొలగించే అనుమతి ఉంటుంది. మేము ప్రతి రోల్ తెరిచి ఆ టిక్కు తీసేశాం. పనికిరాని టెస్ట్ కేసును ఇప్పుడు ‘విరమించినది’ స్టేటస్‌లోకి పంపుతాం. అది రోజువారీ జాబితాల్లో కనిపించదు, కానీ ఎందుకు విరమించామో రాసిన వ్యాఖ్యతో సహా అడిగినప్పుడు దొరుకుతుంది.