పాత విదేశీ పిస్టల్ కొనేవారికి హెచ్చరిక: లైసెన్సులోకి ఎక్కకముందే అన్నీ చూసుకోండి

కడప, అనంతపురం వైపు లైసెన్సు ఉండి, పాత విదేశీ పిస్టల్ కోసం వెతుకుతున్నవారు ఇది చదివాకే డబ్బు కట్టండి. దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు.

చాలాకాలం నాది కాన్పూరులో తయారయ్యే పాయింట్ 32 రివాల్వర్ పక్షమే. ఆపదలో ఒక తూటా పేలకపోయినా ట్రిగ్గర్ మళ్లీ నొక్కితే సిలిండర్ తిరిగి తరువాతిది అందుకుంటుంది. అయితే ఆ సిలిండర్ వల్లే నడుము దగ్గర లావుగా ఉంటుంది, ట్రిగ్గర్ కూడా బరువు. అందుకే మెల్లగా సెమీ ఆటోమేటిక్ పిస్టల్ మీదికి మనసు మళ్లింది. 9 ఎంఎం మామూలు లైసెన్సు మీద ఇవ్వని నిషిద్ధ బోరు (బోరు అంటే గొట్టం లోపలి కొలత) కాబట్టి మనకు మళ్లీ పాయింట్ 32నే దిక్కు. అశని అనే దేశీయ పిస్టల్ ఉన్నా, నా కన్ను జర్మన్ పిస్టల్ వాల్తర్ పీపీ మీద పడింది. 1929 నాటి ఆ మోడల్‌లో మొదటి గుండుకు రివాల్వర్‌లాగే ట్రిగ్గర్ నొక్కితే చాలు. మామూలు లైసెన్సుదారులకు దిగుమతులు 1980లలోనే ఆగిపోయాయి. అప్పటినుంచి చేతులు మారుతున్న పాత సరుకుకే లక్షలు పలుకుతోంది.

దుకాణదారు గొట్టం నిండా గ్రీజు దట్టించి ఇచ్చాడు. ఎందుకని అడిగితే తుప్పు పట్టకుండా అన్నాడు. ఇంటికి తెచ్చి గుడ్డతో తుడిచి వెలుతురుకు పెట్టి చూస్తే లోపల మెలికలు తిరిగిన గాడుల వెంట సన్నని గుంటలు. పైన మాత్రం కొత్తగా వేసిన నల్లరంగు నిగనిగలాడుతోంది. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడల్లా డిపాజిట్ చేసి నెలల తరబడి తుడవని ఆయుధాలకు ఈ గతి పట్టడం మన జిల్లాల్లో వింతేమీ కాదు. దాన్ని గ్రీజుతో కప్పి అమ్మడమే మోసం.

అసలుదని నమ్మబలికిన మ్యాగజైన్ (తూటాలు పేర్చే పెట్టె) ఎక్కడో కొట్టించినది. పాయింట్ 32 పిస్టల్ తూటా అడుగున చిన్న అంచు ఉంటుంది. మ్యాగజైన్ లోపల జాగా ఎక్కువైతే పై తూటా అంచు కింది తూటా అంచు వెనక్కి జారి ఇరుక్కుంటుంది. రేంజిలో అదే జరిగింది, మళ్లీ మళ్లీ జరిగింది. (రివాల్వర్ నుంచి మారేవారికి ఒక మాట: రెంటినీ పాయింట్ 32 అనే పిలుస్తారు కానీ ఆ తూటాలు వేరు, ఇవి వేరు.)

వాపసు తీసుకోమంటే ఆయన నవ్వి, "లైసెన్సులో ఎక్కిపోయింది కదండీ" అన్నాడు. అసలు ఉచ్చు అక్కడే ఉంది. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తరువాత ఒకరికి రెండు ఆయుధాలే. పనికిరాని పిస్టల్ ఆ రెండింటిలో ఒక చోటు కాజేసి కూర్చుంటుంది. మరో లైసెన్సుదారుకు అమ్మాలన్నా కలెక్టరుకో పోలీస్ స్టేషనుకో రాతపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగాలి. ఈ లోపాలన్నీ చెప్పి అమ్మబోతే కొనేవాడెవడు?

కాబట్టి గొట్టం మీ ఎదుటే తుడిపించి లోపలికి చూడండి. ఫ్రేము (పిడి ఉన్న కింది భాగం), స్లైడు (వెనక్కి జరిగే పై భాగం) మీది నంబర్లు లైసెన్సు కాగితాలతో పోల్చండి. మ్యాగజైన్ అసలుదో కాదో బిల్లులో రాయించుకోండి. రాయనంటే డబ్బు జేబులోనే ఉంచుకుని బయటికి రండి. నేను మళ్లీ రివాల్వరే తీసుకుంటాను, ఈ పిస్టల్ వదిలాక.