షేప్ నోట్ పాటలకు పాడ్‌కాస్టులు సరిపోతాయా? కొన్నేళ్లు విన్నాక నా రేటింగ్

మాటలకు అయిదుకు నాలుగున్నర, పాటలకు రెండు. ఎందుకో చెప్తాను.

నేనుండేది అట్లాంటాలో. ఆఫీసు ట్రాఫిక్‌లో పాత అమెరికన్ జానపద సంగీతం పాడ్‌కాస్టులు వినడం కొన్నేళ్లుగా అలవాటు. బాంజో అనే తీగల వాద్యం మీద ఇష్టంతో మొదలుపెట్టాను. ‘గెట్ అప్ ఇన్ ద కూల్’ పాడ్‌కాస్టును ఇప్పటికీ వదల్లేదు. దాన్ని నడిపే కామెరాన్ డెవిట్ అతిథితో కబుర్లాడుతూనే మధ్యమధ్యలో కలిసి వాయిస్తారు. అలా వింటూ వింటూ షేప్ నోట్ దగ్గర, అంటే స్వరాలను ఆకారాలతో అచ్చువేసి గుంపుగా పాడే క్రైస్తవ కీర్తనల దగ్గర, ఆగిపోయాను.

దీనికి మూలగ్రంథం లాంటిది ‘ద సేక్రెడ్ హార్ప్’. 1844లో జార్జియావాళ్లు బి.ఎఫ్. వైట్, ఇ.జె. కింగ్ తెచ్చిన పుస్తకం. స్వరాలు ఏడైనా పేర్లు నాలుగే: ఫా త్రిభుజం, సోల్ కోలగుండ్రం, లా చతురస్రం, మీ డైమండ్. ముందు ఈ పేర్లతో పాడి, తర్వాతే సాహిత్యం అందుకుంటారు. సంగీతం క్లాసులో గీతం నేర్చుకున్నవాళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. అయితే ఆకారాలను ఆడియోలో వర్ణించే ఎపిసోడ్లు మాత్రం వృథా. పుస్తకంలో ఒక్క పేజీ చూస్తే అయిదు నిమిషాల్లో అర్థమయ్యేదానికి అరగంట వినాలి!

పాట దగ్గర ఇబ్బంది ఇంకా పెద్దది. చాలా పాడ్‌కాస్టులు అర నిమిషం వినిపించి, దానిమీదే మాట్లాడటం మొదలుపెడతాయి. పూర్తిగా వేసినా అంతంతే. పాడేవాళ్లు ట్రెబుల్, ఆల్టో, టెనర్, బేస్ అని నాలుగు గొంతులుగా విడిపోయి, నాలుగు వైపులా ఒకరికొకరు ఎదురుగా కూర్చుంటారు. ప్రేక్షకులంటూ ఉండరు. అసలు వరస టెనర్‌ది. దాన్ని ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసే పాడతారు. నాలుగు గొంతులూ సమానంగా తాకేది నడుమ నిలబడి చెయ్యి ఊపుతూ పాట నడిపించేవాళ్లకే. మైకు ఎటు పెడితే ఆ గొంతే మన ఇయర్‌ఫోన్‌లో మోగుతుంది. మొదట్లో ఆ అరుపు భరించడం కష్టమే, అలవాటు పడాలి.

మరి మాటలకు అన్ని మార్కులెందుకంటే, పుస్తకంలో లేనివి అక్కడే దొరికాయి. వీళ్లకు శ్రుతిపెట్టె లేదు. అనుభవమున్న ఒకరు నోటితోనే ఆధార శ్రుతి పట్టి ఇస్తారు, పేజీ మీదున్న శ్రుతితో దానికి పని లేదు. మైనర్ అనే పాశ్చాత్య స్వరక్రమంలోని పాటల్లో ఆరో స్వరాన్ని అచ్చులో ఉన్నదానికంటే కొంచెం ఎత్తి పాడే సంప్రదాయం ఉంది. మన రాగాల లెక్కలో చెప్పాలంటే అచ్చులో నఠభైరవి, గొంతులో ఖరహరప్రియ! ఇలాంటివి పాత పాటగాళ్లు మాటల మధ్య పాడి చూపిస్తే తప్ప తెలియవు. ఆల్టో సంగతీ అంతే. ఇప్పుడు వినిపించే ఆల్టో వరసల్లో చాలావాటిని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చేర్చారట. ఆ కబురు విన్నాక పాత పాటలన్నీ మళ్లీ ఆ చెవితో విన్నాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పుస్తకం ముందు పెట్టుకుని, ఒక్క గొంతునే పట్టుకుని వినండి. బేస్ తేలిక. పాత ఎపిసోడ్లలో చెప్పే పేజీ నంబర్లు 1991 ముద్రణవి. 2025లో వచ్చిన కొత్త ముద్రణలో కొన్ని పాటలు తీసేసి, చాలా కొత్తవి చేర్చారు, కాబట్టి వెతికిన పాట దొరక్కపోతే కంగారుపడొద్దు. కొనేటప్పుడు మాత్రం కొత్తదే కొనండి, సభల్లో ఇప్పుడు దాన్నే తెరుస్తున్నారు. జార్జియా, అలబామా దగ్గర్లో ఉంటే ఏదో ఒక ఆదివారం నేరుగా ఈ పాటల సభకే వెళ్లండి. మీ మతమేంటని ఎవరూ అడగరు, చేతికి పుస్తకమిచ్చి కూర్చోబెడతారు. మధ్యాహ్నం భోజనం కూడా వాళ్లదే.