రిచీ స్ట్రీట్ సోలార్ లాంతరు: మలావీ పల్లెలో వాడాక నా రివ్యూ

మా సంఘంలో ఎవరైనా సేవకి ఆఫ్రికా వెళ్తున్నారంటే చాలు, ఏం కొనుక్కెళ్ళాలి అక్కా అని నాకే ఫోన్ చేస్తున్నారు, అందుకే ఈ లాంతరు సంగతి ఒక్కసారే రాసి పెడుతున్నా. చెన్నైలో మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌లో కొన్నాం, రెండు వేల లోపే, ఎవరూ వినని కంపెనీ. లాంతరు, చిన్న ప్యానెల్, పొడుగు వైరు, ఫోన్ ఛార్జింగ్‌కి ఒక యూఎస్‌బీ, అంతే. మేమున్నది మలావీ రాజధాని లిలాంగ్వే నుంచి బాగా లోపలికి, కరెంటు స్తంభమే లేని ఊరు.

బాక్స్ మీద పన్నెండు గంటలు అని రాశాడు, అది సన్న వెలుగులో మాట, ఫుల్లుగా పెడితే నాలుగ్గంటలకే గుడ్డిదీపం అయిపోతుంది. ఎండలున్నన్నాళ్ళు మధ్యాహ్నానికల్లా ఛార్జింగ్ నిండేది, కాకపోతే కోళ్ళు ఎక్కి ప్యానెల్ మీదే నిలబడేవి, ఎర్రదుమ్ము వేరే. రోజూ తడిగుడ్డతో తుడవాల్సిందే. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ వానలు, అప్పుడు సగం ఛార్జింగ్ ఎక్కితే గొప్ప.

సాయంత్రం ప్రార్థన మా వాకిట్లోనే. పాటలకి ఆ ఊరివాళ్ళకి దీపం అక్కర్లేదు, పుస్తకం చూడకుండానే ఆడా మగా తలో గొంతూ ఎత్తుకుని పాడేస్తారు, మా కీబోర్డు కొయిర్లు ఎందుకూ పనికిరావనిపించింది నాకైతే! అక్కడి భాష చిచేవాలో బైబిలు చదివే పెద్దాయనకి మాత్రం లాంతరు పేజీకి ఆనించి పట్టుకోవాలి.

అసలు ఈ లాంతరు విలువ తెలిసింది తొలి వానలకి. ఉసిళ్ళు లేచాయి. పక్కింటావిడ వచ్చి లాంతరు అడిగి, బేసిన్‌లో నీళ్ళు పోసి దానిపైన వేలాడదీసింది, వెలుగుకి వచ్చినవి వచ్చినట్టే నీళ్ళలో రాలిపోతున్నాయి, పిల్లలు రెక్కలు దులిపేసి ఉప్పేసి వేయించుకున్నారు. మొక్కజొన్న పిండితో చేసే ఎన్సిమా, అదే మన సంకటిలా గట్టిగా ఉంటుంది, దాంట్లో నంజుకుని తిన్నాం. మా ఆయన మొహం తిప్పుకున్నాడు గానీ నేను రెండోసారి కూడా వడ్డించుకున్నా, నూనె కారుతూ కరకరలాడతాయి, బానే ఉన్నాయి. ఆ రాత్రంతా లాంతరు మా ఇంటికి రాలేదు లెండి.

ఫోన్ ఛార్జింగ్ ఇంకో కథ. మన ఎయిర్‌టెల్లే అక్కడా ఉంది, డబ్బులు పంపుకోడం కూడా ఫోన్‌లోనే, బజారులో ఛార్జింగ్ పెట్టాలంటే డబ్బులు తీసుకుంటారు, దాంతో బటన్ ఫోన్లు పట్టుకుని మా ఇంటికే వచ్చేవాళ్ళు. సన్నపిన్ను కేబుళ్ళు నాలుగైదు రకాలు కొనుక్కెళ్ళండి, ఇక్కడ చవక.

నాకు నచ్చనిది స్విచ్. దుమ్ముకి బిగుసుకుపోయింది, తిరిగొచ్చాక షాపుకి తీసుకెళ్తే వారంటీ విదేశాల్లో వాడితే చెల్లదన్నాడు, బిల్లు మీద ఆ ముక్కే లేదు. వెయ్యి గొడవలు ఎందుకని ఊరుకున్నాం. కొనేటప్పుడు విదేశాల్లో వాడినా వారంటీ చెల్లుతుందని బిల్లు మీద రాయించుకోండి, బ్యాటరీ విప్పి మార్చుకునే మోడలే తీసుకోండి. విడి లిథియం బ్యాటరీలు విమానంలో చేతి సంచిలోనే పెట్టుకోవాలి, చెకిన్ లగేజీలో పెట్టనివ్వరు. గోడ ప్లగ్గులు అక్కడ ఇంగ్లండు వాళ్ళ రకం, పలకల పిన్నులవి, లిలాంగ్వేలో దిగగానే మన ఛార్జర్ దూరదు, ఆ అడాప్టర్ కూడా రిచీ స్ట్రీట్‌లోనే దొరుకుతుంది.