మొవ్వును కాపాడిన ప్లగ్: న్యూజెర్సీ చలిలో మూడు శీతాకాలాల అనుభవం

చలిదేశంలో పెరట్లో తాటిజాతి చెట్టు పెంచాలని ఆశ ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను కొన్నది ఒక చిన్న థర్మోస్టాట్ ప్లగ్. 18 డాలర్లు పడింది. దీన్ని గోడ సాకెట్‌కి పెట్టి, దీనికి దీపాల తీగ తగిలించాలి. చలి ఒక అంకె దాకా దిగగానే కరెంటు వదులుతుంది, వేడి ఇంకో అంకె దాటగానే ఆపేస్తుంది. యాప్ లేదు, వైఫై లేదు, మీట కూడా లేదు. ఇంత సాదా వస్తువు మీద ఇంత పెద్ద రివ్యూ ఎందుకంటే, ఇందులో రెండు మూడు రకాలున్నాయి. తప్పు రకం కొని నేను చెట్టును దాదాపు పోగొట్టుకున్నాను.

మేముండేది ఎడిసన్ దగ్గర. ఇంటి వెనక దక్షిణం వైపు ఇటుక గోడ పక్కన 2021 మే నెలలో ఒక విండ్‌మిల్ పామ్ నాటాను. అప్పుడు మోకాలెత్తు, ఇప్పుడు నా భుజం దాకా ఉంది. దీని పుట్టిల్లు చైనా. రాబర్ట్ ఫార్చ్యూన్ అనే ఆయన 1849లో అక్కడి నుంచి ఇంగ్లండుకు మొక్కలు పంపించాడు, శాస్త్రీయ నామంలో ఆయన పేరే ఉంది: ట్రాకీకార్పస్ ఫార్చునై. ఆకు చూస్తే మన తాటాకే, కాస్త చిన్నది. మాను నిండా గోధుమరంగు పీచు. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి మా కొబ్బరితోటను నేలకు కొట్టేసింది, నలభై చెట్లలో ఆరు మిగిలాయి. పడిపోయిన తోట ఫొటోలు ఇక్కడ కూర్చుని చూసిన రోజే, పెరట్లో మట్టలున్న చెట్టు ఒక్కటైనా ఉండాలని అనుకున్నాను. కొబ్బరి ఇక్కడ బతకదు. అందుకని దీన్ని ఎంచుకున్నాను.

బాగా పెరిగిన విండ్‌మిల్ పామ్ 10 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మైనస్ 12 సెల్సియస్ దాకా ఓర్చుకుంటుంది. పిల్లచెట్టుకు అంత ఓపిక ఉండదు. అమెరికా వ్యవసాయ శాఖ మొక్కల కోసం వేసిన చలి పటంలో మా ప్రాంతం జోన్ 7లోకి వస్తుంది. ఇక్కడ ఏటా అన్నిటికంటే చల్లటి రాత్రి 0 నుంచి 10 ఫారెన్‌హీట్ మధ్య ఉంటుందని లెక్క. అంటే చెట్టును ఏడాదికి ఏ పది రాత్రులో గట్టెక్కిస్తే చాలు. ఈ ప్లగ్ పని అంతే.

మొదటి శీతాకాలం గోనెపట్టా చుట్టి, మొదలు చుట్టూ ఎండుటాకులు పోసి నెట్టుకొచ్చాను. రెండో ఏడాది 35 దగ్గర వెలిగి 45 దగ్గర ఆరే ప్లగ్ కొన్నాను. సెల్సియస్‌లో 2, 7 అన్నమాట. మంచు పడేలోపే వెలుగుతుంది కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. చెట్టు చుట్టూ టమాటా మొక్కలకు పెట్టే తీగ పంజరం నిలబెట్టి, దానికి పాతరకం పెద్ద క్రిస్మస్ బల్బులు చుట్టాను. పైనుంచి ప్లాస్టిక్ షీటు గట్టిగా కట్టేశాను.

2022 డిసెంబరు 23 ఇక్కడివాళ్ళకు గుర్తుండే ఉంటుంది. పొద్దున 50ల్లో ఉన్నది మర్నాడు తెల్లారేసరికి మా పెరట్లో 8 చూపించింది. రాత్రంతా టెన్షన్. రెండుసార్లు లేచి వెళ్ళి చూశాను. లోపల పెట్టిన థర్మామీటర్‌లో 38 ఉంది. బయట 8, లోపల 38! ప్లగ్‌కి దండం పెట్టాలనిపించింది.

మార్చిలో షీటు విప్పాను. మట్టలన్నీ పచ్చగా ఉన్నాయి. మధ్యలో విప్పారని లేత ఆకును, అంటే మొవ్వును, ఊరికే వేళ్ళతో పట్టుకుని చూస్తే చేతిలోకి ఊడొచ్చేసింది. అడుగున గోధుమరంగు గుజ్జు, పాడు వాసన. వెంటనే నాన్నకు వీడియో కాల్ చేశాను.

"ఏటమ్మా, మొవ్వు ఊడొచ్చిందా? అది మొవ్వుకుళ్ళు తల్లీ. చలికి కాదు, తడికి వచ్చింది. గాలి ఆడకుండా ఏటి కట్టావు దానికి?"

ఆయన చెట్టును చూసిన తీరు వేరు. నేను ఆ శీతాకాలమంతా వెచ్చదనం గురించే ఆలోచించాను. 35 దగ్గర వెలిగే ప్లగ్ మా ఊళ్ళో జనవరి అంతా, ఫిబ్రవరిలో సగం రోజులు వెలుగుతూనే ఉంటుంది. లోపల వెచ్చన, ప్లాస్టిక్‌కు పట్టిన చెమ్మ, ఆ చెమ్మ బొట్లుబొట్లుగా మొవ్వులోకి. కొబ్బరికి వానల్లో వచ్చే జబ్బులాంటిదాన్ని నేనే కరెంటు పెట్టి తెచ్చుకున్నానన్నమాట. మామిడో జామో అయితే కొమ్మ పోయినా పక్కనుంచి చిగురేస్తుంది. ఈ చెట్టుకు మొవ్వు ఒక్కటే, లోపల పెరిగే మొగ్గ చచ్చిపోతే చెట్టు పోయినట్టే.

కుళ్ళిన భాగం గీకేసి బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన రాగి మందు) పుయ్యమన్నారు నాన్న. ఇక్కడ దొరికిన రాగి మందు తెచ్చాను. కుళ్ళిందంతా చెంచాతో తీసేసి, ఫార్మసీలో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పోశాను. నురగ తగ్గాక, ఆరనిచ్చి, రాగి మందు కొట్టాను. వారానికోసారి అలా నాలుగు వారాలు. జూన్ రెండో వారంలో లోపలినుంచి సగం తెగినట్టున్న ఆకు ఒకటి పైకి వచ్చింది. ఆ మొండి ఆకును చూసి ఎంత సంతోషించానో చెప్పలేను.

ఆ ఏడు అక్టోబరులో 20 దగ్గర వెలిగి 30 దగ్గర ఆరే ప్లగ్ కొన్నాను. సెల్సియస్‌లో మైనస్ 7, మైనస్ 1. విండ్‌మిల్ పామ్‌కు ఇదే సరైన రకం. ప్లాస్టిక్ తీసేసి గాలి ఆడే తెల్లటి తోట బట్ట చుట్టాను, పైన వాన, మంచు పడకుండా ఒక ప్లైవుడ్ ముక్క వాలుగా పెట్టాను. ఎండ కాసిన రోజుల్లో ఒక పక్క తెరుస్తాను. 2023–24లో ఇది వెలిగిన రాత్రులు నా డైరీలో పదకొండు. 2024–25 జనవరి బాగా చలేసింది, అప్పుడు ఇరవై మూడు. రెండేళ్ళూ మొవ్వు గట్టిగానే ఉంది.

ఖర్చు సంగతి. ఒక్కో బల్బు 7 వాట్లు, తీగకు 25 బల్బులు, మొత్తం 175 వాట్లు. 24 గంటలూ వెలిగినా 4.2 యూనిట్లు. యూనిట్‌కు 20 సెంట్లు వేసుకున్నా రోజుకు 84 సెంట్లు. పాత ప్లగ్‌తో దాదాపు నెలన్నర పాటు ఇది రోజూ పడింది, ఇప్పుడు శీతాకాలం మొత్తానికి 20 డాలర్లు దాటలేదు.

బల్బులు కొనేటప్పుడు పెట్టె మీద ఇన్‌కాండిసెంట్ అని ఉందో లేదో చూడండి. షాపుల్లో ఇప్పుడు ఎక్కువగా ఎల్‌ఈడీలే ఉంటున్నాయి, వాటితో చెట్టుకు వేడి రాదు. ఈ పాత బల్బులు మాత్రం బాగా కాలుతాయి. పీచుకు గానీ బట్టకు గానీ తగలకూడదు, అందుకే తీగ పంజరానికి చుట్టమంటున్నాను, మానుకు కాదు. దీపాలు పెట్టాక పంజరంలో ఎండుటాకులు కూరకండి. నిప్పుతో చెలగాటం అది.

ఇక నాకు నచ్చనివి. ప్లగ్ చలిని తను ఉన్నచోటే కొలుస్తుంది, చెట్టు దగ్గర కాదు. గరాజ్‌లో పెడితే అక్కడి వెచ్చదనం చూసి వెలగనే వెలగదు. పంజరం లోపల పెడితే క్షణాల్లో ఆరిపోతుంది. పంజరం బయట, గోడ నీడలో, తడవకుండా మూత డబ్బాలో పెట్టాక సరిగ్గా పనిచేసింది. పనిచేస్తోందని చెప్పే చిన్న లైటు కూడా నేను కొన్నదానికి లేదు, అందుకే నవంబరులో ఫ్రీజర్‌లో పెట్టి, బెడ్‌ల్యాంప్ తగిలించి పరీక్షిస్తాను. అన్నిటికంటే పెద్ద భయం బయటి సాకెట్‌ది. తడి తగిలితే అది ట్రిప్ అవుతుంది, కరెంటు లేనప్పుడు ప్లగ్ ఏమీ చెయ్యలేదు. ఒకసారి 14 డిగ్రీల ఫారెన్‌హీట్ రాత్రి అలాగే అయింది. ఇప్పుడు పంజరంలో ఫోన్‌కు అలారం కొట్టే థర్మామీటర్ పెట్టాను. ప్లగ్ కొనేవాళ్ళు దానికీ ఇంకో 15 డాలర్లు పక్కన పెట్టుకోండి.

ఏ చెట్టుకు ఇది అక్కర్లేదో కూడా చెప్పాలి. చలి తట్టుకునే జపాన్ అరటి, మూసా బాజూ, మా ఇంట్లో ఉంది. తొలి మంచుకు ఆకు నల్లబడగానే మానును నడుమెత్తున నరికి, చుట్టూ వల కట్టి రెండడుగులు ఎండుటాకులు పోస్తాను. దీపాల్లేవు, ప్లగ్గుల్లేవు, మేలో పిలకలు వస్తాయి. కాయ తినడానికి పనికిరాదు, కానీ వినాయక చవితికి విస్తరాకులు మా పెరటివే. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల అడవి మొక్క నీడిల్ పామ్‌కూ మా జోన్‌లో పెద్దగా ఏమీ అక్కర్లేదు, అయితే దాని ముళ్ళు సూదుల్లా ఉంటాయి, పిల్లలున్న ఇంట్లో చూసుకోండి. కరివేపాకును మాత్రం ఈ ప్లగ్ నమ్ముకుని బయట ఉంచకండి, దాన్ని అక్టోబరులోనే ఇంట్లోకి తెచ్చేయాలి.

20–30 రకానికి ఐదుకు నాలుగు మార్కులు. 35–45 రకం నిమ్మమొక్కల షెడ్డుకు బాగుంటుందేమో, విండ్‌మిల్ పామ్‌కు వద్దు.

ఈ ఏప్రిల్‌లో పంజరం తీశాక మొవ్వు మీద, పక్క మట్ట మీద ఒకే ఎత్తులో మార్కర్‌తో గీత పెట్టాను. మే నెలాఖరుకు మొవ్వు మీది గీత ఆరంగుళాలు పైకి జరిగింది. ఫొటో నాన్నకు పంపితే, "కింది మట్టలు కోసీకమ్మా, పచ్చగున్నాయి కదా" అన్నారు. కొయ్యలేదు.