వరి టిష్యూ కల్చర్‌కు రెడీమేడ్ ఎంఎస్ పొడి: నల్లగొండలో మా ల్యాబ్ అనుభవం

టిష్యూ కల్చర్‌లో, అంటే మొక్క ముక్కలను సీసాల్లో పెంచే పద్ధతిలో, వాటికి ఆహారంగా వాడే ఎంఎస్ (మురాషిగే-స్కూగ్) మీడియా పొడి రెడీమేడ్‌గా రెండు రకాలుగా దొరుకుతుంది. ఒకదాంట్లో చక్కెర, అగార్ (మీడియాను గట్టిపరిచే పదార్థం) ముందే కలిపి ఉంటాయి. రెండోదాంట్లో లవణాలు, విటమిన్లు మాత్రమే. హైదరాబాద్‌లోని ఒక డీలర్ దగ్గర రెండూ తెప్పించి, నల్లగొండలోని మా డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో పిల్లలతో వరి మీద వాడించాను. వరి మీద పని చేయాలనుకునేవాళ్లు రెండో రకమే కొనండి.

అసలు పొడి ఎందుకంటే, 1962లో మురాషిగే, స్కూగ్ పొగాకు కణజాలం కోసం తయారుచేసిన ఈ మీడియాలో కోబాల్ట్ క్లోరైడ్ లీటరుకు 0.025 మిల్లీగ్రాములే పడాలి. అంత తక్కువ నేరుగా తూచే త్రాసు జిల్లా కాలేజీల్లో ఎక్కడుంటుంది? స్టాక్ ద్రావణాలు (చిక్కగా కలిపి పెట్టుకునేవి) చేసుకోవాలి, ఫ్రిజ్‌లో దాచుకోవాలి, కరెంటు పోయినప్పుడల్లా టెన్షన్ పడాలి. ఈ పొడి అయితే లీటరుకు 4.4 గ్రాములు వేస్తే సరిపోతుంది. ఈ ఒక్క సౌకర్యానికే నేను మంచి మార్కులు వేస్తాను.

గింజలు మా పిల్లలే ఇళ్ల నుంచి తెచ్చారు. మిర్యాలగూడ, హాలియా వైపు పిల్లలు కదా, అందరిదీ బీపీటీ 5204, అంటే సాంబ మసూరి. మిల్లులో పాలిష్ పట్టిన బియ్యం దీనికి పనికిరాదు, పిండం (గింజలో మొలకెత్తే భాగం) ఊడిపోతుంది. వడ్లను చేత్తో ఒలిచి, 70 శాతం ఆల్కహాల్‌లో ఒక నిమిషం ఉంచి, సోడియం హైపోక్లోరైట్‌తో శుభ్రం చేసి, స్టెరైల్ నీళ్లతో బాగా కడగాలి. మీడియాలో లీటరుకు 2 మిల్లీగ్రాముల 2,4-డి కలపాలి. సీసా మీద ఆ పేరు చూడగానే ఒక అమ్మాయి, "మేడం, ఇది మా నాయిన పొలంలో కొట్టే కలుపు మందు కదా!" అంది. అవును, అదే. అతి తక్కువ మోతాదులో కణాలను విభజింపజేస్తుంది. ఆ రోజు క్లాసులో ఆక్సిన్ (మొక్కల పెరుగుదల హార్మోన్) పాఠం నేను వేరేగా చెప్పాల్సిన పని పడలేదు.

25 నుంచి 28 డిగ్రీల మధ్య, చీకట్లో మూడు నాలుగు వారాలకు పిండం దగ్గర కాలస్, అంటే ఇంకా వేరు, ఆకులుగా మారని కణాల ముద్ద, వచ్చింది. గట్టిగా, లేత పసుపు రంగులో, రవ్వ పలుకుల్లా ఉన్నదే పనికొస్తుంది. నీరు పట్టి మెత్తగా ఉన్నదాన్ని తీసేయాలి.

చక్కెర, అగార్ కలిపిన పొడితో ఇబ్బంది ఇక్కడే. సాంబ మసూరి మన వైపు పండే ఇండికా రకం, జపాన్ వైపు పండే జపోనికా రకాలంత సులువుగా మొక్క కట్టదు. దానికి మీడియా గట్టిగా ఉండాలి, కొన్నిసార్లు సుక్రోజ్ (మామూలు చక్కెర) బదులు మాల్టోజ్ అనే చక్కెర వేసి చూడాలి. అన్నీ ముందే కలిపి వచ్చిన ప్యాకెట్‌లో చక్కెర మార్చే వీలే లేదు. ఉత్త పొడితో మేం అగార్‌ను 8 గ్రాముల నుంచి 10కి పెంచాం. కాలస్‌ను పొడి ఫిల్టర్ పేపర్ మీద కొంచెం ఆరబెట్టి, మొక్క హార్మోన్లు కైనెటిన్ 2 మిల్లీగ్రాములు, ఎన్ఏఏ 0.5 మిల్లీగ్రాములు కలిపిన మీడియాలోకి మార్చి వెలుతుర్లో పెట్టాం. చాలా ముక్కలు గోధుమ రంగుకు తిరిగిపోయాయి. కొన్నింటి మీద ఆకుపచ్చ చుక్కలు లేచి, పిలకలు వచ్చాయి. ఆ సీసాలను చూడటానికి పిల్లలు లంచ్ కూడా మానేసి వచ్చేవాళ్లు.

వాళ్లకు ఇది ఎందుకు ముఖ్యమో చెప్పాను. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ ఇదే సాంబ మసూరిలో జన్యు సవరణ చేసి తెచ్చిన కమల రకాన్ని 2025 మేలో ప్రకటించారు. సవరించిన కణాన్ని మళ్లీ మొక్కగా పెంచడం వస్తేనే అలాంటి పని సాధ్యం. అది నేర్చుకునే అవకాశం మా జిల్లా పిల్లలకూ ఉండాలి.

ప్యాకింగ్ మాత్రం బాగాలేదు. ఒక ప్యాకెట్ తేమ పట్టి గడ్డకట్టి వచ్చింది. ఫొటో పంపితే డీలర్ మార్చి ఇచ్చాడు. ఈ పొడి గాలిలో తేమను ఇట్టే పీల్చుకుంటుంది. అందుకే లీటరు ప్యాకెట్లే కొని, తెరిచినదాన్ని ఒకేసారి వాడేయండి. హార్మోన్లు ఇందులో ఉండవని లేబుల్ మీద పెద్ద అక్షరాల్లో రాయాలి, అదీ లేదు. పీహెచ్ 5.8కి సరిచేశాకే అగార్ వేయండి. మీడియాను ఆవిరితో స్టెరైల్ చేసే ఆటోక్లేవ్ లేకపోతే 15 పౌండ్ల ప్రెషర్ కుక్కర్ చాలు.

కాలస్ దశకు మాత్రం ఈసారి ఎన్6 పొడి ఆర్డర్ పెడుతున్నాను. 1975లో చైనా శాస్త్రవేత్తలు వరి కోసమే రూపొందించిన మీడియా అది, అమ్మోనియం తక్కువ. మొక్క కట్టించే దశకు ఎంఎస్ పొడినే కొనసాగిస్తాను.